గడీలో పులి ఎవరు కావాలి

నాకు ప్రేమకథలు ఇష్టం. అందులోనూ పాతకాలపు రాజభవనాలు, గుర్రపు బగ్గీలు, పెళ్ళీడు కూతుళ్ళను వెంటబెట్టుకొని విందులకు తిరిగే తల్లులు, ఆ విందు మధ్యలోంచి ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచి పున్నమి వెన్నెల్లో తోడేలుగా మారిపోయే డ్యూకు ఉన్న కథలంటే ఇంకా ఇష్టం. ఇలాంటివి చదువుతానని చెప్పడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు. మా వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు కాలేజీ పిల్లలు ఫోన్లలో సీరియల్‌గా ఇవే చదువుతున్నారు. కొందరు తెలుగులో రాస్తున్నారు కూడా. రాసేవాళ్ళ చెయ్యి మంచిదే. సంభాషణ పలుకుతుంది, టెన్షన్ నిలబడుతుంది. నా బాధ వేరే. నాయకుడి పేరు తెలుగుది, నాయిక పేరు తెలుగుది, కోట మాత్రం ఇంగ్లండ్‌ది. పొగమంచు, ఫైర్‌ప్లేస్, ఓక్ చెట్ల తోపు. కిటికీ తీస్తే కనిపించే గుట్ట, బురుజు, చెరువు కట్ట కథలోకి రావు.

మన దగ్గర గద్వాల ఉంది. వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు, గోపాల్‌పేట ఉన్నాయి. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున నిలబడితే కనుచూపు మేర నల్లమల, ఆ అడవిలో ఇవాళ్టికీ తిరిగే పులులు. నల్లగొండ వైపు పోతే రాచకొండ, దేవరకొండ, పానగల్లు. రాజులూ అడవీ మృగాలూ గుట్టూ అన్నీ ఒక్కచోట ఉన్న నేల ఇది. ఈ కథల్ని ఇక్కడికి తెచ్చుకోవాలని నేను గట్టిగా అంటాను. అయితే తెచ్చేటప్పుడు డ్యూకు కోటు విప్పి షేర్వానీ తొడిగితే సరిపోదు. తోడేలు అని ఉన్నచోటల్లా పులి అని రాసినా సరిపోదు. మన గడీ దర్వాజా దాటగానే ఆ కథలో ఒక ముఖ్యమైన సంగతి తలకిందులవుతుంది. మృగం ఎవరి ఒంట్లో ఉండాలన్నదే ఆ సంగతి.

ముందు ఆ ఇంగ్లీషు కథ ఎందుకంత బాగా నడుస్తుందో చూద్దాం. 1811 నుంచి 1820 దాకా ఇంగ్లండ్‌లో మూడో జార్జి రాజు జబ్బుపడి ఏలే స్థితిలో లేకపోతే, కొడుకు రీజెంట్‌గా రాజ్యం నడిపాడు. ఆ కొద్ది ఏళ్ళే ఈ కథలకు పుట్టిల్లు. అప్పటి పెద్దింటి పద్ధతిలో బిరుదూ భూమీ పెద్దకొడుక్కే పోతాయి. ఆడపిల్లకు మంచి సంబంధం కుదరడం తప్ప వేరే బతుకుదారి దాదాపు లేదు. ఏటా లండన్‌లో కొన్ని నెలల పాటు విందులు, నాట్యాలు. ఆల్మాక్స్ అనే చోట బుధవారం రాత్రి నాట్యానికి పోవాలంటే కొందరు పెద్దింటి ఆడవాళ్ళు చీటీ ఇవ్వాలి. వాళ్ళు వద్దనుకుంటే డబ్బున్నా లోపలికి రానివ్వరు. ప్రతి మాటనూ ప్రతి చూపునూ పదిమంది పట్టి చూసే లోకం అది. అలాంటి లోకంలో, ఒళ్ళు తన మాట వినని మనిషిని నిలబెట్టండి. చేతితొడుగు కింద గోళ్ళు పొడుచుకొస్తున్నాయి. ఎదుటి అమ్మాయి పూసుకున్న అత్తరు వెనక ఆమె భయం వాసన కూడా అతనికి తెలుస్తోంది. అయినా వంగి నమస్కరించి, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడాలి. మర్యాద ఎంత బిగుసుకుంటే మృగానికి అంత బలం. ఈ కథలు పట్టి చదివించేది అందుకే.

ఇదేదో నిన్నమొన్నటి సరదా అనుకునేవాళ్ళు 12వ శతాబ్దం దాకా వెనక్కి పోవాలి. మారీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి చెప్పిన ఒక కథలో బారన్ ఒకడు వారానికి మూడు రోజులు తోడేలై అడవిలో తిరుగుతాడు. విప్పిన బట్టలు మళ్ళీ తొడుక్కుంటేనే మనిషవుతాడు. భార్య బతిమాలి బతిమాలి ఆ గుట్టు రాబట్టి, తన వెంటపడుతున్న ఇంకో యోధుడితో ఆ బట్టలు ఎత్తుకుపోయేలా చేస్తుంది. బారన్ తోడేలుగానే ఉండిపోతాడు. వేటకొచ్చిన రాజు పాదం ముద్దుపెట్టుకొని శరణు కోరితే, రాజు చేరదీసి ఆస్థానంలో ఉంచుకుంటాడు. చివరికి భార్య ఎదురుపడ్డ రోజున ఎగిరి ఆమె ముక్కు కొరికేస్తాడు. ఆమె వంశంలో పుట్టిన ఆడపిల్లల్లోనూ చాలామందికి ముక్కు లేకుండా పోయిందని కథ ముగుస్తుంది. భార్య చేసింది ద్రోహమే, కాదనను. కానీ మొగుడు తోడేలని తెలిసిన రాత్రి ఆమెకు కలిగిన భయాన్ని ఆ కథ లెక్కలోకే తీసుకోదు. తోడేలు గొప్పింటివాడు, రాజుకు విధేయుడు, కనుక మంచివాడు. అక్కడితో తీర్పు అయిపోయింది. ఇవాళ్టి డ్యూకు కథల్లో కూడా చాలావాటికి ఇదే పునాది. ప్రమాదకరమైన మగవాడు గొప్పింటివాడైతే ఆ ప్రమాదం కూడా ఆకర్షణ అవుతుంది.

మన ప్రబంధాలకూ రూపం మార్చడం కొత్త కాదు. మనుచరిత్రలో ప్రవరుడు వరూధినిని కాదని వెళ్ళిపోయాక, ఆమె మీద మనసుపడ్డ గంధర్వుడు ప్రవరుడి రూపం ధరించి ఆమె దగ్గరికి వస్తాడు. కళాపూర్ణోదయంలో ఇంకా చిక్కు. కలభాషిణి రంభ రూపంలో ఉంటుంది, మణికంధరుడు నలకూబరుడి రూపంలో వస్తాడు, ఎవరికివారే ఎదుటి మనిషి అసలైన మనిషేనని నమ్ముతారు. కథ నడపడంలో ఆ కవులకు ఎవరు సాటి? చదువుతుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఈ రెండింట్లోనూ రూపం మార్చడం ఎందుకు పనికొచ్చిందో చూడండి. మామూలుగా అడిగితే దొరకనిదాన్ని దక్కించుకోవడానికి. మాకు మాయాప్రవరుడి ఘట్టం పాఠంగా చెప్పినప్పుడు గంధర్వుడి తెలివిని మెచ్చుకొని ముందుకు పోయారు. వరూధిని ఎవరితో ఉన్నాననుకుందో ఆ మనిషి అక్కడ లేడు కదా అన్న మాట క్లాసులో ఎవరూ ఎత్తలేదు. ఇవాళ ఈ రకం కథ రాయబోయే ప్రతి ఒక్కరూ ఆ మాట ఎత్తి తీరాలి.

దీనికి పూర్తిగా వేరే దారిలో నడిచే ప్రేమకథ కూడా మనకుంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక కోపం చల్లారక అడవుల్లో తిరిగిన నరసింహుడు చెంచులక్ష్మి మీద మనసు పడ్డాడు. నల్లమల చెంచులకు ఆయన ఇవాళ్టికీ అల్లుడే. ఈ ప్రేమికుడు మృగం ముఖాన్ని దాచుకోలేదు. ముఖం అలాగే ఉండగానే పిల్లనడిగాడు. ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు వాడపల్లి గుర్తొస్తుంది. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో కృష్ణా మూసీ కలిసే చోట లక్ష్మీనరసింహుడి గుడి అది. గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. పాదాల దగ్గరి దీపం కదలదు. స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం మాత్రం రెపరెపలాడుతూనే ఉంటుంది. అది స్వామి ఊపిరి అంటారు. నేను చూసిన రోజు నా ముందు వరసలో ఉన్న ముసలమ్మ ఆ దీపం వైపు చాలాసేపు చూసి, "ఉరికొచ్చిండు గద, ఇంకా ఆయాసం తీరలే" అన్నది. భక్తి కంటే ఎక్కువ జాలితో అన్నది. సగం మృగమైన ఒంట్లో ఉండే అలసటను ఆమె ఒక్క మాటలో పట్టుకుంది. నేను చదివిన ఇంగ్లీషు కథల్లో మృగానికి కోపం ఉంటుంది, కోరిక ఉంటుంది, ఆయాసం చాలా తక్కువ.

ఇక సంస్థానాలు. గద్వాల, వనపర్తి, జటప్రోలు (కొల్లాపూర్ వాళ్ళ సంస్థానం), ఆత్మకూరు, గోపాల్‌పేట రాజులు నిజాంకు ఏటా పేష్కష్, అంటే కప్పం, కట్టి తమ ఇలాకాను తామే ఏలుకున్నారు. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేస్తూ ఈ దర్బార్లలోనూ తిరిగారు. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరే ఉంది. జటప్రోలు సురభి వంశంలో మాధవరాయలు తానే చంద్రికాపరిణయం అనే శృంగార ప్రబంధం రాశాడు. అంతకు చాలా ముందే రాచకొండ ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుడు రసాల మీద సంస్కృతంలో రసార్ణవసుధాకరం రాశాడు. రాజే కూర్చొని ప్రేమ గురించీ భయం గురించీ సిద్ధాంతం రాసిన నేల మీద, ప్రేమా భయమూ కలిసిన కథకు ఇంగ్లండ్ పొగమంచు అరువు తెచ్చుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కథకు కావలసిన ముడులు కూడా ఇక్కడ బోలెడు. ఇంగ్లీషు కథలో రక్తమే అన్నీ. మృగం రక్తంలో వస్తుంది, బిరుదూ రక్తంతోనే వస్తుంది. మన సంస్థానాల చరిత్రలో మాటిమాటికీ కనిపించేది దత్తత. సంతానం లేని ఇంట్లోకి ఎక్కడో పుట్టిన పిల్లవాణ్ణి తెచ్చి, పేరు మార్చి, గద్దె మీద కూర్చోబెడతారు. నిజాం దర్బారు ఒప్పుకోవాలి. వారసుడు చిన్నవాడైతే ఇలాకా, ప్రభుత్వం తరఫున అలాంటి ఆస్తులు చూసే కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి పోతుంది. మృగం రక్తంలో ఉండే వంశంలోకి దత్తపుత్రుడు వస్తే ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్న మీద నవల నిలబడుతుంది. భర్త పోయాక గద్దె మీద కూర్చున్న రాణులూ ఉన్నారు. 1924లో సీతారామ భూపాల్ చనిపోయాక గద్వాలను ఏలింది ఆదిలక్ష్మీ దేవమ్మ. ఆమె పేరు మీదున్న డిగ్రీ కాలేజీ ఇప్పుడు ఆ కోటలోనే నడుస్తోంది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ ఉంది. వనపర్తి రాజు రామేశ్వరరావు దగ్గర ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల దళం ఉండేది. అది తర్వాత నిజాం సైన్యంలో చేరింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) అనే పేటకు ఆ పేరు వాళ్ళ వల్లనే వచ్చింది. సముద్రం దాటి వచ్చిన గుర్రపురౌతుకు తన ఊరి మృగాల కథలు తెలిసే ఉంటాయి కదా. ఆ పాత్రను ఇంతవరకూ నేను ఏ కథలోనూ చూడలేదు.

అడవి వైపు చూస్తే ఫరహాబాద్ నిజాంల వేటస్థలం. ఇప్పుడది అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతంలో ఉంది. దానికి దగ్గర్లోనే సలేశ్వరం లోయ. చైత్ర పున్నమి రోజుల్లో జాతరకు జనం "వస్తున్నం లింగమయ్యా" అని కేకలేసుకుంటూ రాళ్ళ దారిలో దిగుతారు. మిగతా రోజుల్లో ఆ అడవి పులులది, చెంచులది. పున్నమి, పులి, వేలమంది జనం, ఒకే దారి. తోడేలు కథలకు పున్నమి ఎందుకు కావాలో తెలిసిన ఏ రచయితకైనా ఇంతకంటే ఏం కావాలి?

అయితే కల్పనను చరిత్రకు కలిపేటప్పుడు ఆ అతుకు గద్వాల చీరలా ఉండాలి. నూలు ఒళ్ళు వేరు, పట్టు అంచు వేరు, కానీ పోగుకు పోగు కలుస్తుంది కాబట్టి లాగినా ఊడదు. గడీని కథలోకి తెచ్చి, అక్కడి పనివాళ్ళను బయట నిలబెడితే ఆ అతుకు మొదటి ఉతుకులోనే పోతుంది.

మా నాయనమ్మ చిన్నప్పుడు ఒక గడీలో నీళ్ళు మోసింది. కూలి లేదు, వెట్టి. ఆమె చెప్పిన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఇది: "బట్టలుతికేటోళ్ళకు ఎర్క లేని గుట్టు గడీల ఉంటదా బిడ్డా?" ఇంగ్లీషు కథల్లో డ్యూకు రాత్రంతా అడవిలో తిరిగి, చిరిగిన బట్టలతో, నెత్తుటి చేతులతో ఇంటికొస్తాడు. తెల్లారేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కొని కాఫీ తాగుతాడు. ఆ నెత్తురు ఎవరు ఉతికారు? గోళ్ళలో మట్టి ఎవరు తీశారు? ఆ ప్రశ్నే రాదు. గడీలో వస్తుంది. చాకలికి బట్ట మీది మరక తెలుసు. మంగలికి ఒంటి మీది వెంట్రుక తెలుసు. నీళ్ళు తోడే మనిషికి ఏ రాత్రి ఎన్ని కాగుల నీళ్ళు ఖర్చయ్యాయో తెలుసు. దొరసాని కంటే ముందే ఊరికి తెలుస్తుంది. దొర పులి అని ఊరందరికీ తెలిసి, తెలిసినట్టు ఎవరూ కనబడనివ్వని స్థితే మన దగ్గర అసలు కథ. అక్కడ గుట్టును కాపాడేది దొర చాకచక్యం కాదు, ఊరి భయం.

భయం అన్నాక, ఈ కథలన్నిటికీ ఆయువుపట్టు లాంటి ఒక సంగతి గురించి సూటిగా మాట్లాడాలి. మృగం తన జోడీని వాసనతో గుర్తుపడుతుంది. చూడగానే "ఈమె నాది" అంటుంది. ఆమె ఒప్పుకోకపోయినా, పారిపోయినా, అది విధిరాత కనుక చివరికి అతనిదే అవుతుంది. చదివేటప్పుడు ఇందులో ఒక హాయి ఉందని నాకు తెలుసు. వందమందిలో ఒకడు వచ్చి నిన్నే వెతుక్కుంటున్నానంటే ఎవరికి బాగుండదు? లండన్ డ్యూకుతో అది కలగా చెల్లుతుంది. తెలంగాణ గడీలో చెల్లదు. పెళ్ళై వచ్చే దొరసాని వెంట ఆడబాపలను పంపేవాళ్ళు. గిన్నెలతో, పరుపులతో పాటు మనుషులు. వాళ్ళకు వేరే ఇల్లు లేదు, వేరే పెళ్ళి లేదు, కాదనే మాట లేదు. ఆ గడప మీద దొర నిలబడి ఒక పనిపిల్లను చూసి "ఈమె నాది" అంటే అది మాయా కాదు, విధీ కాదు. రోజూ జరిగినదే. దానికి పులిచర్మం కప్పి ప్రేమ అని పేరు పెట్టిన కథను నేను చదవలేను. ఎవరు రాసినా, ఎంత బాగా రాసినా, ఆ పుట దగ్గర ఆగిపోతాను.

అందుకని సంస్థానాల నేపథ్యమే వద్దు, అది దొరతనాన్ని పొగడటమే అనే మిత్రులున్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు పడిపోయింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో. అది అప్పటి నల్లగొండ జిల్లా. ఆ జ్ఞాపకం ఉన్న ఇళ్ళల్లో గడీ అనే మాటకు అందం అంటదు. కానీ రాయకుండా వదిలేస్తే గడీ మీద కల్పన అంతా ఎవరి చేతిలో మిగులుతుంది? పాలరాతి మెట్లనూ పట్టు పరదాలనూ మాత్రమే చూపించేవాళ్ళ చేతిలో. నేను దానికి ఒప్పుకోను. ఆ గడీలకు నీళ్ళు మోసినవాళ్ళ మనవరాళ్ళకు కూడా భయం, మోహం, వెన్నెల, మృగం ఉన్న కథ రాసుకునే హక్కుంది.

పైగా ఈ నేల పాత కథలే మనకు దారి చూపిస్తున్నాయి. రాచకొండ, దేవరకొండ ఏలిన రేచర్ల వంశానికి ఆ పేరు ఎలా వచ్చిందో వెలుగోటివారి వంశావళి చెబుతుంది. వంశానికి మూలపురుషుడైన చెవ్విరెడ్డికి భూమిలో నిధి కనబడింది. దాన్ని కాచే భూతం నరబలి అడిగింది. అతని దగ్గర పనిచేసే మాల రేచడు తానే బలి అవుతానన్నాడు. తన పేరు ఆ వంశానికి ఉండాలనీ, వాళ్ళ ఇంట్లో పెళ్ళి జరిగేటప్పుడు ముందు తనవాళ్ళ పెళ్ళి చేయాలనీ కోరాడు. అలా రేచర్ల అయింది. అది జరిగిందా లేదా అన్నదానితో నాకు పని లేదు. ఒక రాజవంశం తన గురించి తాను చెప్పుకున్న కథ అది, అందులోనే ఈ సంగతి ఉంది: వాళ్ళ వైభవం వెనక ఒక అతీతశక్తి ఉంది, దానికి మూల్యం కట్టింది పొలంలో పనిచేసే మనిషి. తానే ఒప్పుకున్నాడని కథ అంటుంది. కాదనగలిగే స్థితి అతనికి ఉందా అన్నది మాత్రం చెప్పదు. గొప్పింటి మృగం గురించి రాసేవాళ్ళు రేచణ్ణి దాటుకొని పోకూడదు.

ఇక పులి. మా వైపు ఊళ్ళల్లో పీర్ల పండుగకు మొక్కుబడిగా పులివేషం కట్టేవాళ్ళు. నేను దగ్గర్నుంచి చూశాను. ముందు ఒళ్ళంతా పసుపు రంగు పూస్తారు. అది ఆరేదాకా ఆ మనిషి చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా చాపి, కాళ్ళు ఎడంగా పెట్టి ఎండలో నిలబడాలి. కూర్చోకూడదు, గోక్కోకూడదు. ఆ తర్వాత నల్ల చారలు. వార్నిష్ కలిపిన రంగుతో చర్మం బిగుసుకుపోయి, నవ్వితే చెంప మీద చార పగులుతుంది. తోకను వెనక ఒకరు పట్టుకుంటారు. డప్పు మొదలయ్యేదాకా అతను మనకు తెలిసిన మనిషే, బీడీ అడుగుతాడు, ఎవరింట్లోనో పెళ్ళి సంగతి మాట్లాడతాడు. దరువు మారగానే వీపు వంగుతుంది, మెడ తిరిగే తీరు మారుతుంది, పిల్లలు నిజంగానే ఏడుస్తారు. పండుగైపోయాక కిరోసిన్ గుడ్డతో ఒళ్ళంతా తుడుచుకుంటే రెండు రోజులు మంట.

నాయనమ్మ చెప్పింది, వాళ్ళ కాలంలో పులివేషం గడీ ముందుకు కూడా పోయేదని. మామూలు రోజుల్లో చెప్పులు చేతపట్టుకొని తలవంచుకొని నడిచే మనిషి, ఆ రోజు గడీ వాకిట్లో దొర కళ్ళల్లోకి చూస్తూ గాండ్రించేవాడు. ఎగిరి అరుగు దాకా వచ్చేవాడు. దొర నవ్వి డబ్బులు వేసేవాడు, కానీ కుర్చీలో కొంచెం వెనక్కి జరిగేవాడట. ఆ జరగడాన్ని ఊరంతా చూసేది. ఏడాదికి ఒక్క పూట. ఇంకో వేషం కూడా ఉంది, పిట్టల దొర. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకీ పెట్టుకొని ఊరూరా తిరుగుతూ, తనకు లేని ఆస్తుల గురించి, చేయని వేటల గురించి గుక్కతిప్పుకోకుండా కోతలు కోస్తాడు. ఏమీ లేనివాడు పొట్టకూటి కోసం దొరగా మారడం అది. ఈ రెండు వేషాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు విషయం స్పష్టమైంది. మన సమాజంలో రూపం మార్చుకునే విద్య ఎవరిదో మన పండుగలే చెబుతున్నాయి. దొరకు రూపం మార్చుకునే అవసరం ఏముంది? ఉన్న రూపంతోనే అన్నీ జరుగుతున్నాయి. ఉన్న రూపంలో నోరెత్తలేనివాళ్ళకే ఇంకో రూపం కావాలి.

కాబట్టి నా కథలో పులి గడీలో పుట్టదు. పులివేషం కట్టే ఇంట్లో పుడుతుంది. తరతరాలుగా ఆ ఇంటి మగవాళ్ళు రంగు పూసుకుంటారు, ఆ ఇంటి ఆడవాళ్ళకు రంగు అక్కర్లేదు. నాయిక ఆమె. నాయకుడు గడీ దత్తపుత్రుడు, పదేళ్ళప్పుడు ఇంకో ఊరి నుంచి తెచ్చిన పిల్లవాడు. కన్నతల్లి పెట్టిన పేరుతో ఇప్పుడు అతన్ని ఎవరూ పిలవరు. ఒంట్లో మృగం లేకపోయినా అతనూ రూపం మారినవాడే. తన ఒళ్ళు తనది కాదన్న సంగతి అతనికి అర్థమవుతుంది కాబట్టే అతన్ని ప్రేమించవచ్చనిపించింది నాకు. హైదరాబాద్‌లో ఉండే బ్రిటిష్ ప్రతినిధి, రెసిడెంట్ దొర, వేటకు వస్తాడు, పులిని చూపించే బాధ్యత సంస్థానానిది. చూపించకపోతే దత్తతకు ఆమోదం రాదు. అడవిని చుట్టుముట్టి డప్పులు కొడుతూ మృగాన్ని తోలాల్సిన వెట్టివాళ్ళల్లో ఆమె తండ్రీ ఉంటాడు. తన దరువు తెలిసిన పులిని తానే తోలాలి.

అక్కడ నుంచి ప్రేమ ఎలా నడవాలన్నది నాకు తెలుసు. కష్టం ముగింపు దగ్గర. ప్రేమకథ సుఖంగా ముగియాలన్నది ఈ రకం కథలకున్న ఒప్పందం. దాన్ని నేను గౌరవిస్తాను. మన దగ్గర కింది కులపు పిల్ల ప్రేమిస్తే చచ్చిపోవాలన్న ముగింపులు ఇప్పటికే చాలా చదివాం, ఇంకొకటి నేను రాయను. అలాగని ఆమె దొరసానై గడీలోకి పోవడం కూడా సుఖం కాదు. తన నాయనమ్మ నీళ్ళు మోసిన ఇంట్లో ఆమె ఇంకొకరి చేత నీళ్ళు మోయించుకోవాలా? అందుకే ఈ పెళ్ళిని 1949 దాకా ఆపాను. పోలీసు చర్య అయిపోయి, ఆ ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చాక, అతని చేతిలో ఇలాకా లేదు, వెట్టి లేదు, పిలిస్తే పరుగెత్తుకొచ్చే మనుషులు లేరు. అంతకుముందు అతను రెండుసార్లు అడుగుతాడు, రెండుసార్లూ ఆమె కాదంటుంది. ప్రేమ లేక కాదంటుందని పాఠకులు అనుకోకుండా రాయడమే నాకు పెద్ద పని. అతను ఆజ్ఞాపించగలిగినన్నాళ్ళూ, అతను ఆజ్ఞాపించలేదు అన్నదాన్ని ఆమె ఎలా నమ్మాలి? మూడోసారి అతను వాళ్ళ వాడకు నడిచి వస్తాడు. ఆమె తండ్రి పొలంలో ఉన్నాడని చెబితే, ఆయన వచ్చేదాకా బయట నిలబడతాడు.

రాసిన మేరకు చదివిన ఇద్దరు ముగ్గురు స్నేహితులు పెళ్ళి మరీ ఆలస్యమైందన్నారు, సీరియల్‌గా వేస్తే పాఠకులు మధ్యలోనే జారిపోతారన్నారు. ఆ ప్రమాదం ఉంది. రెండోసారి అడిగిన చోట ఒప్పిస్తే కథ వంద పేజీలు తగ్గుతుంది, వేటఘట్టం తర్వాతి వేడి కూడా చల్లారదు. అయినా ఆ అధ్యాయాన్ని నేను మార్చడం లేదు.